పాత కుట్టు మిషన్: ఇంట్లో బాగుచేసుకోవాలా, మెకానిక్‌కు ఇవ్వాలా, తల మార్చించాలా?

చాలా ఇళ్ళలో ఒక మూల, ఇస్త్రీకి ఇవ్వాల్సిన బట్టల మూటను మోస్తూ, అమ్మమ్మ కాలం నాటి కుట్టు మిషన్ ఒకటి నిలబడి ఉంటుంది. దాన్ని మళ్ళీ నడిపించాలని అనుకోగానే నాలుగు దారులు కనిపిస్తాయి: మనమే విప్పి శుభ్రం చేసుకోవడం, మెకానిక్‌కు అప్పగించడం, స్టాండు ఉంచుకొని తల, అంటే పైనున్న కుట్టే యంత్రం, మాత్రం కొత్తది వేయించడం, లేదా తుడిచి అలంకారంగా ఉంచేయడం. వీటిలో ఏది మంచిదో మిషన్ వయసు గాని, పైన రాసి ఉన్న పేరు గాని, నల్లరంగు మెరుపు గాని చెప్పవు. సూది పక్కనున్న రేకు జరిపితే కనిపించే షటిల్ (పై దారాన్ని కింది దారంతో పెనవేసే భాగం) ఏ రకానిది, మిషన్ కదలకపోవడానికి కారణం గడ్డకట్టిన నూనెయా, విరిగిన లోహమా అన్న రెండు సంగతులే తేలుస్తాయి. ఈ రెండింటినీ తెలుసుకోవడానికి మెకానిక్ అక్కర్లేదు. ఒక టార్చిలైటు, ఒక వెడల్పాటి స్క్రూడ్రైవరు, ఒక ఆదివారం మధ్యాహ్నం ఉంటే చాలు.

ముందు రేకు జరిపి చూడండి

సూదికి ఎడమపక్కన మెరిసే రేకు ఒకటి జరుగుతుంది. దాన్ని జరిపి లోపలికి చూసినప్పుడు చిన్న గుండ్రటి లోహపు డబ్బీ నిలువుగా కూర్చొని కనిపిస్తే, మీ మిషన్ సింగర్ కంపెనీ 15వ తరగతి నమూనాకు చెందినది. మన దేశంలో పాత నల్ల మిషన్లలో ఎక్కువ భాగం ఈ రకమే. 1930ల మధ్యలో కలకత్తాలో మొదలైన ఉషా మిషన్లూ, తర్వాతి కాలంలో లూధియానాలోని చిన్న చిన్న కార్ఖానాల నుంచి లెక్కలేనన్ని పేర్లతో వచ్చిన మిషన్లూ ఈ నమూనానే అనుసరించాయి. రెండవ ప్రపంచ యుద్ధం తర్వాత జపాన్ కంపెనీలు ఎగుమతి కోసం చేసిన మిషన్లలోనూ ఇదే ఎక్కువ. అందరూ ఒకే నమూనాను పట్టుకోవడం వల్ల మనకు కలిగిన మేలు ఏమిటంటే, దీని డబ్బీ, అందులో కూర్చొనే బాబిన్ (కింది దారం చుట్టే చిన్న చక్రం), షటిల్, దారం బిగువును సరిచేసే టెన్షన్ స్ప్రింగు వంటివి ఈనాటికీ ఏ మండల కేంద్రంలోని టైలరింగ్ సామాన్ల దుకాణంలోనైనా అడిగితే దొరుకుతాయి. ఇంట్లో చేసే మరమ్మతుకు ఇంతకంటె అనువైన మిషన్ లేదు.

రేకు కింద డబ్బీకి బదులు తూటా ఆకారంలో పొడవాటి షటిల్ ఒకటి ముందుకూ వెనకకూ ఊగుతూ కనిపిస్తే అది 27, 28 తరగతుల కుటుంబం. 27, 127 పూర్తి పరిమాణంలో ఉంటాయి. 28, 128 దానిలో ముప్పాతిక వంతు ఉండి తరచుగా చెక్క పెట్టెలో చేతి మిషన్లుగా వచ్చాయి. షటిల్ లోపలి బాబిన్ గుండ్రంగా ఉండదు, సన్నని కడ్డీకి రెండు చివర్లా బిళ్ళలు బిగించినట్టు ఉంటుంది. చూడడానికి ఇవే అన్నిటికంటె అందమైనవి. నల్లని ఒంటి మీద బంగారు రంగు స్ఫింక్స్ (సింహం ఒంటికి మనిషి తల) బొమ్మలు ఉన్న మిషన్ మీ ఇంట్లో ఉంటే అది చాలామట్టుకు ఈ కుటుంబానిదే. యంత్రం చాలా సాదాది, నూనె వేస్తే చాలు, దశాబ్దాల నిద్ర నుంచి లేస్తుంది. చిక్కంతా షటిల్, బాబిన్ల దగ్గరే వస్తుంది. అవి పోయాయంటే వీధి దుకాణంలో దొరకవు. ఆన్‌లైన్‌లోనో, పాత సామాన్లు అమ్మేవారి దగ్గరో వెతకాల్సిందే. సూది మాత్రం 15వ తరగతి మిషన్‌కు వాడే మామూలు సూదే సరిపోతుంది.

మూడవ రకంలో బాబిన్ పైనుంచి పడుతుంది. సింగర్ 66, 99, 201 ఈ కోవలోవి. బాబిన్ గుండ్రంగానే ఉన్నా దాని బిళ్ళలు కాస్త ఉబ్బెత్తుగా ఉంటాయి. 15వ తరగతి బాబిన్ చదునుగా ఉంటుంది. రెండూ ఇంచుమించు ఒకే కొలతలో ఉండడంతో దుకాణంలో ఒకటి అడిగితే మరొకటి ఇస్తారు, అది లోపల కూర్చున్నట్టే కూర్చొని కుట్టును పాడుచేస్తుంది. పాత బాబిన్‌ను జేబులో వేసుకొని వెళ్ళి, పక్కపక్కన పెట్టి చూసి కొనడం ఒక్కటే దీనికి మందు. ఇంకా పాతదైన పడవ షటిల్ మిషన్, అంటే సింగర్ 12వ తరగతి వంటిది, మీ దగ్గర ఉంటే దానికి వేరే సూది కావాలి, ఆ సూది ఇప్పుడు మామూలు దుకాణాల్లో లేదు. దాన్ని శుభ్రం చేసి ముందు గదిలో పెట్టుకోవడమే నా సలహా.

సింగర్ మిషన్ ఎప్పటిదో తెలుసుకోవాలంటే కుడివైపు పీట మీద చెక్కిన సంఖ్యను చూడండి. సంఖ్యకు ముందు ఆంగ్ల అక్షరాలు ఉంటే అది 1900 తర్వాత తయారైనది, అంకెలు మాత్రమే ఉంటే అంతకుముందుది. నమూనా పేరులో 15కె, 201కె అని 'కె' ఉంటే, అది 1980లో మూతపడిన స్కాట్లాండ్‌లోని క్లైడ్‌బ్యాంక్ కర్మాగారపు మిషన్. ఆ కర్మాగారం ఉన్న చోటు పేరు కిల్‌బోవీ, 'కె' అందులోదే. అయితే వయసు తెలిసినందువల్ల మరమ్మతు సులువూ కాదు, కష్టమూ కాదు. వందేళ్ళ నాటి 28 చక్కగా తిరుగుతూ, ముప్పయ్యేళ్ళ నాటి పేరులేని తల అరిగిపోయి ఉండడం నేను చూశాను.

కదలకపోతే కారణం ఏమిటి

విప్పకముందే చేతిచక్రాన్ని మీ వైపుకు మెల్లగా తిప్పి చూడండి. ఇక్కడ మూడు సందర్భాలు ఎదురవుతాయి. చక్రం తిరుగుతూ సూది మాత్రం కదలకపోవడం మొదటిది, చక్రం బరువుగా తిరగడం రెండవది, అసలు కదలకపోవడం మూడవది.

మొదటిది చూడగానే గుండె జారుతుంది గాని, అది అన్నిటికంటె చిన్న లోపం. చేతిచక్రం మధ్యలో ఉన్న బిళ్ళను బాబిన్‌కు దారం చుట్టేటప్పుడు వదులు చేస్తాం. అది మళ్ళీ బిగియకపోతే చక్రం ఒంటరిగా తిరుగుతుంది. బిగించినా బిగియడం లేదంటే బిళ్ళ వెనకనున్న వాషర్‌ను ఎవరో తీసి తిప్పి పెట్టారని అర్థం. బిళ్ళ మీద ఉన్న చిన్న మరను వదులు చేసి బిళ్ళను విప్పితే ఆ వాషర్ చేతికి వస్తుంది. దాని బయటి అంచున మూడు పళ్ళు, లోపలి అంచున రెండు చిన్న చెవులు ఉంటాయి. ఆ రెండు చెవులూ వంగి ఉన్న దిక్కు మీ ముఖం వైపు ఉండాలి, చెవులు కడ్డీ గాడుల్లో కూర్చోవాలి. అలా పెట్టాక కూడా బిళ్ళ బిగియకపోతే వాషర్‌ను తీసి సగం చుట్టు తిప్పి మళ్ళీ పెట్టండి, ఎందుకంటే బిళ్ళ మీది చిన్న మర కొన ఒక్కోసారి ఆ మూడు పళ్ళలో ఒకదానికి తగిలి ఆగిపోతుంది. ఇది పది నిమిషాల పని. దీని కోసం మిషన్‌ను ఆటో ఎక్కించి ఊరు దాటించినవారు నాకు తెలుసు.

బరువుగా తిరగడానికి నూటికి తొంభై పాళ్ళు ఎండిన నూనే కారణం. ఇంట్లో మిషన్ నూనె అయిపోయినప్పుడు అలమారాలోని కొబ్బరి నూనెను రెండు చుక్కలు వేయడం మన ఇళ్ళలో మామూలే. కొబ్బరి నూనె, ఆముదం, వంటనూనె ఏదైనా సరే, గాలి తగిలి కొన్నేళ్ళలో జిగురుగా మారి, తర్వాత లక్కలా గట్టిపడుతుంది. పైగా కొబ్బరి నూనె శీతాకాలపు తెల్లవారుజామున ఎలాగూ పేరుకొంటుంది. గోధుమరంగు పొరలా కనిపించేదాన్ని చూసి చాలామంది తుప్పు అనుకుంటారు. గోటితో గీకితే అది పొలుసుగా లేస్తే నూనె, గరుకుగా తగిలి వేలికి ఎర్రగా అంటుకుంటే తుప్పు.

అసలు కదలని మిషన్‌ను బలవంతంగా తిప్పకూడదు. ముందు షటిల్ తీసి దాని గాడిలో దారం ముక్క ఇరుక్కుందేమో చూడాలి. పట్టుకారుతో లాగితే వచ్చే ఆ ఒక్క ముక్క మొత్తం యంత్రాన్ని ఆపేయగలదు. 15వ తరగతిలో షటిల్‌ను పట్టి ఉంచే ఉంగరానికి కొన్నింట్లో రెండు కొక్కేలు, కొన్నింట్లో రెండు మరలు ఉంటాయి. దారం లేకపోతే, కదలాల్సిన ప్రతి కీలు దగ్గరా పల్చని నూనె వేసి, హెయిర్ డ్రయ్యర్‌తో వేడి గాలి పట్టి, రాత్రంతా వదిలేయాలి. పొద్దున చక్రాన్ని ముందుకు ఒక వెంట్రుకవాసి, వెనకకు ఒక వెంట్రుకవాసి ఆడించాలి, మళ్ళీ నూనె, మళ్ళీ వేడి. మూడు రోజులు పట్టవచ్చు. మూడు రోజులకూ కదలకపోతే, లేదా ఇనుప చేతి మీద సన్నని పగులు గీత కనిపిస్తే, అది ఇంటి పని కాదు. పోత ఇనుము పగిలితే మామూలు వెల్డింగ్‌కు సరిగ్గా అతకదు గనుక ఆ తలను వదులుకోవడమే మంచిది.

వరద నీటిలో మునిగిన మిషన్‌ది వేరే లెక్క. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ ప్రాంతంలో ఇళ్ళు మునిగిన తీరు చూసినవారికి ఆ బురద ఎంత మెత్తగా లోపలికి పాకుతుందో, ఆరితే ఎంత గట్టిపడుతుందో తెలుసు. అటువంటి మిషన్‌ను 'ముందు ఆరనిద్దాం' అనుకోవడమే తప్పు. బురద తడిగా ఉండగానే మంచినీళ్ళతో కడిగి, గుడ్డతో తుడిచి, ఎండలో కాస్త వేడెక్కించి, అదే రోజు ప్రతి సందులోనూ నూనె నింపితే ఇంట్లోనే బతుకుతుంది. వారం ఆగితే మెకానిక్ చేతికీ లొంగదు. మోటారు నీళ్ళలో మునిగితే దాన్ని విడదీసి పక్కన పెట్టండి, మోటార్లు బాగుచేసేవారు చూసేదాకా ప్లగ్గులో పెట్టకండి.

ఏ లోపం ఎవరి చేతికి

ఇంట్లో సరిచేసుకోగల లోపాలు మనం అనుకునేదానికంటె ఎక్కువ. గుడ్డ అడుగున దారం గూడు కట్టినట్టు చిక్కుపడితే అందరూ కింది బాబిన్‌ను అనుమానిస్తారు గాని, తప్పు సాధారణంగా పై దారానిది. అది దారాన్ని బిగువుగా పట్టే టెన్షన్ బిళ్ళల మధ్యకు దిగలేదు, లేదా బిళ్ళల మధ్య నూలుపోగు చేరింది, లేదా గుడ్డను అదిమిపట్టే మిషన్ పాదం దించకుండానే కుట్టారు. పాదం ఎత్తి, దారం తీసి, బిళ్ళల మధ్య గుడ్డముక్కను అటూఇటూ లాగి తుడిచి మళ్ళీ దారం ఎక్కిస్తే సగం ఫిర్యాదులు అక్కడే తీరిపోతాయి. కింది దారం పట్టు చూడాలంటే డబ్బీని దారం కొసతో పట్టుకొని గాలిలో వేలాడదీయండి. దానంతట అది జారకూడదు, చేతిని చిన్నగా కుదిపితే ఒకటి రెండు అంగుళాలు దిగి ఆగాలి. జర్రున జారితే డబ్బీ మీది చిన్న మరను పావు చుట్టు కంటె తక్కువ బిగించాలి. ఆ మర వేలిగోరులో సగం ఉంటుంది, కింద పడితే దొరకదు, పళ్ళెంలో పెట్టుకొని పనిచేయండి.

కుట్టు మధ్యమధ్య వదిలేస్తుంటే 'టైమింగ్ పోయింది' (సూది, షటిల్ కలిసే అమరిక తప్పింది) అని మెకానిక్ చెప్పకముందే సూది మార్చండి. సూది కాడలో ఒక పక్క చదునుగా ఉంటుంది, రెండో పక్క పొడవాటి గాడి ఉంటుంది. దారం గాడి ఉన్న వైపు నుంచి కంతలోకి దూరాలి, చదును షటిల్ వైపు ఉండాలి. 15వ తరగతి మిషన్లలో చదును ఎడమకు, దారం కుడి నుంచి ఎడమకు. సూదిని పైకి చివరంటా నెట్టకుండా బిగించినా కుట్టు వదిలేస్తుంది. నూలు జాకెట్టు గుడ్డకు 14 నంబరు, ప్యాంటు గుడ్డకు 16, జీన్స్ మడతలకు 18 పెట్టుకుంటే సూది విరగడం కూడా తగ్గుతుంది. గుడ్డ ముందుకు కదలకపోతే సూది కింది పలక విప్పి చూడండి. ఏళ్ళ తరబడి పేరుకున్న నూలుదుమ్ము గుడ్డను ముందుకు నెట్టే పళ్ళ మధ్య నమదాలా అట్టకట్టి ఉంటుంది. పాత టూత్‌బ్రష్, ఒక గుండుసూది దాని సంగతి చూసుకుంటాయి.

ఈ పనుల్లో ఏదీ మెకానిక్ మనకంటె బాగా చేయడు; వేగంగా మాత్రం చేస్తాడు. ఓపిక లేనివారికి ఆ వేగమే విలువైనది కావచ్చు, దాన్ని నేను కాదనను. కాని సూది కడ్డీ నిజంగా జారిపోయినప్పుడు పరిస్థితి వేరు. సూది అట్టడుగుకు చేరి తిరిగి రెండు మిల్లీమీటర్ల పైచిలుకు లేచే సరికి షటిల్ కొన సూది వెనకకు రావాలి, ఆ సమయంలో కొన సూది కంతకు కాస్త పైన ఉండాలి. ఈ అమరిక తప్పితే సూదిని ఎన్నిసార్లు మార్చినా కుట్టు పడదు. చేతులు కుదురుగా ఉన్నవారు ఇంట్లో చేయలేనిదేమీ కాదు గాని, మొదటిసారి అయితే చేయి తిరిగినవారి పక్కన కూర్చొని చూడడం మేలు. అరిగిపోయిన కడ్డీ, వంగిన షటిల్ డ్రైవరు, మోటారు చుట్టడం, ఇవి మెకానిక్ పనులే.

మెకానిక్‌కు ఇచ్చేటప్పుడు ఒక జాగ్రత్త. మా అమ్మ మిషన్ తలను ఒక దుకాణంలో శుభ్రం చేయించడానికి ఇచ్చాం. తిరిగి వచ్చినప్పుడు కుట్టు బాగానే పడుతోంది గాని, లోపలి దళసరి పాత డబ్బీ పోయి, దాని చోట పల్చని కొత్త డబ్బీ ఉంది. అడిగితే 'పాతది అరిగిపోయిందమ్మా, పారేశాం' అన్నారు. అప్పటినుంచి తల ఇచ్చే ముందు డబ్బీ, బాబిన్, షటిల్ మూడూ ఫోటో తీసి పెట్టుకుంటున్నాను, అవి అవసరం లేని పని అయితే ఇంట్లోనే ఉంచేస్తున్నాను. మార్చిన ప్రతి భాగాన్నీ తిరిగి ఇవ్వాలని ముందే చెప్పండి. ఇంకొకటి, సింగర్ మరల పట్టులు ఆ కంపెనీ సొంత కొలతలవి. పోయిన మర బదులు హార్డ్‌వేర్ దుకాణపు మరను ఎక్కిస్తే రంధ్రం చెడిపోతుంది. మెకానిక్ అలా బిగిస్తుంటే ఆపండి, పాత తల నుంచి తీసిన మర కావాలని అడగండి.

నూనె, కిరోసిన్, స్పిరిట్

కుట్టు మిషన్ నూనె అని సీసాల్లో అమ్మే నీళ్ళలాంటి తెల్లని ఖనిజ నూనె తప్ప మరేదీ మిషన్‌లో ఉండిపోకూడదు. గడ్డకట్టిన పాత నూనెను కరిగించడానికి కిరోసిన్ బాగా పనిచేస్తుంది గాని అది కందెన కాదు. కరిగించాక పూర్తిగా తుడిచి, అదే పూట అసలు నూనె వేయకపోతే లోహం పొడిగా రాపిడి పడుతుంది. డబ్బాల్లో దొరికే తుప్పు వదిలించే స్ప్రేలకూ ఇదే వర్తిస్తుంది. కిరోసిన్ దొరకడం కష్టమైన ఈ రోజుల్లో మిషన్ నూనెనే రెండు మూడు విడతలుగా వేస్తూ ఓపిక పడితే అదే కరిగిస్తుంది. నాకైతే ఆలస్యమైనా ఈ దారే నచ్చింది.

పైభాగం శుభ్రం చేసేటప్పుడు నేను చేసిన తప్పు మీరు చేయకండి. మా అమ్మమ్మ మిషన్ మీద మసకబారిన బంగారు గీతలు తేటగా కనిపించాలని స్పిరిట్‌లో ముంచిన దూదితో రుద్దాను. మొదటి రుద్దుకు దూది గోధుమరంగులోకి మారింది, రెండో రుద్దుకు పసుపు మెరుపు కనిపించింది, అప్పటికి 'సింగర్' అన్న పేరులో చివరి అక్షరం దూదికి అంటుకొని వచ్చేసింది. ఆ బొమ్మలను కాపాడే పైపూత లక్కతో చేసినది, స్పిరిట్ తగిలితే కరుగుతుంది. ఆ భాగాన్ని మిషన్ నూనెలో తడిపిన మెత్తని గుడ్డతో తుడిస్తే చాలు. సబ్బునీళ్ళు, అద్దాలు తుడిచే ద్రవాలు కూడా వద్దు. దసరాకు ఆయుధ పూజ చేసి తడి పసుపు, కుంకుమ బొట్లు పెట్టినప్పుడు కూడా వాటిని మెరిసే ఉక్కు రేకుల మీద కాకుండా చెక్క బల్ల మీద పెట్టండి, మర్నాడే తుడవండి. మా మిషన్ సూది పలక మీద తుప్పు మచ్చ సరిగ్గా బొట్టు ఆకారంలోనే ఉంది.

తల మార్చించడం ఎప్పుడు సబబు

మెకానిక్‌లు తరచుగా చెప్పే మాట, 'దీన్ని బాగుచేయడం కంటె కొత్త తల వేసుకోండి' అని. వాళ్ళ వైపు నుంచి చూస్తే అందులో న్యాయం లేకపోలేదు: పాత తలను మూడు రోజులు నానబెట్టి కదిలించే కూలి ఎవరూ ఇవ్వరు, కొత్త తల అరగంటలో బిగుస్తుంది. కాని పాత తల 15వ తరగతిదై, పగుళ్ళు లేకుండా, కడ్డీలు వదులాడకుండా ఉంటే ఈ మార్పిడిలో నష్టపోయేది మనమే. పాత పోత బరువుగా ఉండి కుట్టేటప్పుడు అదరదు. కొత్త చవక తలల్లో షటిల్ గాడి నునుపు ఒక్కో తలకు ఒక్కో రకంగా ఉంటుంది. పరీక్ష సులువు. సూది కడ్డీని వేళ్ళతో పట్టుకొని ముందుకూ వెనకకూ ఆడించండి. టకటకమని కదిలితే అరిగింది, తల మార్చించడం సబబే. కదలకపోతే ఆ తల మీ పిల్లల కాలం దాకా కుడుతుంది.

27, 28 తరగతుల తల విషయంలో నా లెక్క మరోలా ఉంటుంది. షటిల్ ఉండి, కనీసం రెండు బాబిన్లు ఉంటే బాగుచేసుకోండి. షటిల్ లేకపోతే, దాన్ని వెతికి తెప్పించే ఖర్చు 15వ తరగతి పాత తల ఒకటి కొనే ఖర్చుకు దగ్గరగా వెళ్ళవచ్చు. రోజూ కుట్టే అవసరం ఉన్నవారు ఆ పాత తలనే కొనుక్కొని, 27ను పెట్టెలో భద్రం చేయడం మంచిది. పాత తల ఇచ్చి కొత్తది తీసుకునే ఏర్పాటులో మాత్రం దాన్ని వదిలేయకండి, ఎందుకంటే దానికి కట్టే వెల పాత ఇనుము వెలే.

ఏ పాత తలను బాగుచేసినా అది నేరు కుట్టు మాత్రమే వేస్తుందని ముందే గుర్తుంచుకోవాలి. జాకెట్టు కుట్టవచ్చు, చీరకు ఫాల్ వేయవచ్చు, పరదాలు, దిండు గలీబులు కుట్టవచ్చు. పీకో చేయలేరు, సాగే బట్టకు జిగ్‌జాగ్ వేయలేరు. అవి కావలసినవారు మరమ్మతు మీద పెట్టే డబ్బును జిగ్‌జాగ్ మిషన్ కోసం దాచుకోవాలి.

కాలు, చేయి, మోటారు

కాలి మిషన్‌ను నేనైతే కాలి మిషన్‌గానే ఉంచుతాను. రెండు చేతులూ గుడ్డ మీద ఉంటాయి, వేగం పాదం చెప్పినట్టు వింటుంది. తొక్కడం బరువైందంటే తలను నిందించే ముందు బెల్టు తీసి, కింది చక్రాన్ని ఒంటరిగా తొక్కి చూడండి. బరువు అక్కడే ఉంటే తొక్కుడు పలక రెండు కొసల దగ్గరా, చక్రానికి కలిపే కడ్డీ దగ్గరా నూనె వేయాలి. తోలు బెల్టు సాగి జారుతుంటే ఒక సెంటీమీటరు కోసి, మళ్ళీ రంధ్రం చేసి కొక్కెం బిగించాలి. మరీ బిగువుగా చేస్తే తొక్కుడు బరువెక్కుతుంది. చేతి మిషన్ ఇల్లు ఇరుకైనవారికి మంచిది గాని కుడిచేయి పిడికే అంకితమవుతుంది, పొడుగు కుట్లకు విసుగు.

మోకాళ్ళ నొప్పులు ఉన్నవారికి మోటారు తప్పదు. తల నిలువు భాగంలో చేతిచక్రం కింద మోటారు బిగించే దిమ్మ, దానిలో రంధ్రం ఉంటే ఇంట్లోనే బిగించుకోవచ్చు. అది లేని పాత తలకు రంధ్రం తొలిపించవద్దు, బల్లకు బిగించే మోటారు అడగండి. పుట్టుకతోనే కరెంటుతో నడిచే పాత మిషన్లు మరో సంగతి. వాటి తీగల మీది రబ్బరు ఎండి, ముట్టుకుంటే పొడిగా రాలుతుంది. తీగలన్నీ మార్పించేదాకా ప్లగ్గు పెట్టకూడదు, ఆ పని తెలిసినవారే చేయాలి. అమెరికాలో ఉంటున్న పిల్లలు ముచ్చటపడి అక్కడి పాత సింగర్ 221 అనే చిన్న కరెంటు మిషన్‌ను తెస్తుంటారు. అది 110 వోల్టుల మిషన్. మన 230 వోల్టుల ప్లగ్గులో నేరుగా పెడితే మోటారు ఆ పూటే మాడిపోతుంది. తగిన వోల్టేజి ట్రాన్స్‌ఫార్మర్ కొనాలి.

బాగుచేసిన మిషన్ మీద మొదటి రోజే మంచి గుడ్డ పెట్టకండి. నూనె మరకలు రెండు మూడు రోజులు పడుతూనే ఉంటాయి. పాత పంచె ముక్కను పాదం కింద పెట్టి దించి రాత్రంతా వదిలేస్తే చాలా నూనెను అది పీల్చుకుంటుంది. మా ఇంట్లో ఈ లెక్కలన్నీ వేసుకున్నాక రెండు మిషన్లు మిగిలాయి. అమ్మ నల్ల మిషన్ 15వ తరగతిది, మూడు రోజులు నానిన తర్వాత కదిలింది, ఇప్పుడు రోజూ దాని మీదే కుడుతున్నాం. చివరి అక్షరం పోయిన అమ్మమ్మ 28కి షటిల్ ఉంది, బాబిన్లు నాలుగు ఉన్నాయి. తెల్లదారం రెండింటికీ, నల్లదారం ఒకదానికీ చుట్టి పెట్టాను, నాలుగోదాన్ని కావలసిన రంగుకు వదిలేశాను.